1,330 గెలుపుల వెనక లెక్క: కాలేజీ వాలీబాల్ కోచ్ ప్రతిభను ఎలా కొలవాలి?

2024 డిసెంబరు 22న లూయీవిల్ నగరంలో పెన్ స్టేట్ యూనివర్సిటీ అమ్మాయిలు అమెరికా కాలేజీ వాలీబాల్ జాతీయ టైటిల్ గెలిచారు. ఆ జట్టు కోచ్ కేటీ షూమాకర్-కాలీ. ఎన్‌సీఏఏ అనే కాలేజీ క్రీడా సంఘం ఆడపిల్లలకు ఈ పోటీని 1981లో మొదలుపెట్టింది. అన్నిటికన్నా పై స్థాయి అయిన డివిజన్ 1లో ఒక మహిళా కోచ్ టైటిల్ గెలవడం అదే మొదటిసారి. రొమ్ము క్యాన్సర్‌కి కీమోథెరపీ తీసుకుంటూనే ఆమె ఆ సీజన్‌లో జట్టును నడిపించారు.

ఆ రోజుల్లో వార్తలన్నిట్లో ఇంకో పేరు కూడా వినిపించింది: రస్ రోజ్. పెన్ స్టేట్‌కి 1979 నుంచి 2021 దాకా కోచ్ ఆయనే. షూమాకర్-కాలీ ఆయన దగ్గర ఆడిన అమ్మాయే, 1999లో ఆ యూనివర్సిటీకి తొలి టైటిల్ తెచ్చిన జట్టు సభ్యురాలు. రోజ్ పేరు వచ్చినప్పుడల్లా పక్కనే అంకెలు వస్తాయి. 43 సీజన్లు, 1,330 గెలుపులు, 229 ఓటములు, 7 జాతీయ టైటిళ్లు, వరసగా 109 మ్యాచ్‌లలో విజయం. చదవడానికి ఘనంగానే ఉంటాయి. కానీ వీటిలో కోచ్ కష్టం ఎంత, ఆటగాళ్ల సత్తా ఎంత, యూనివర్సిటీ డబ్బు ఎంత, అదృష్టం ఎంత? అంకెలు వాటంతటవి ఆ సంగతి చెప్పవు. విడదీసి చూడాల్సిందే.

అక్కడి కాలేజీ కోచ్ చేసే పనేంటి?

మన కాలేజీల్లో ఆటలంటే పీడీ సారే. వాలీబాల్, కబడ్డీ, ఖోఖో అన్నీ ఆయన నెత్తినే. ఇంటర్ యూనివర్సిటీ పోటీలు దగ్గరపడ్డాక క్యాంపు పెడతారు, జట్టును ఎంపిక చేస్తారు, వెంటబెట్టుకుని వెళ్తారు. అందుకే ఒక మనిషి 43 ఏళ్లు ఒక్క కాలేజీలో వాలీబాల్ కోచ్‌గానే ఉండి దేశమంతా పేరు తెచ్చుకున్నాడంటే మనకు కాస్త వింతగా ఉంటుంది.

అమెరికా పెద్ద యూనివర్సిటీల్లో వాలీబాల్ కోచ్‌కి వాలీబాల్ ఒక్కటే పని. కింద అసిస్టెంట్ కోచ్‌లుంటారు, మ్యాచ్ వీడియోలు చూసి లెక్కలు తీసేవాళ్లుంటారు, ఫిట్‌నెస్ ట్రైనర్లుంటారు. మ్యాచ్‌లు ఆగస్టు చివర్లో మొదలై డిసెంబరులో ముగుస్తాయి. మిగతా ఏడాదంతా ప్రాక్టీసు, దానితోపాటు రిక్రూటింగ్. అంటే హైస్కూల్ జట్లలో, డబ్బు కట్టి చేరే ప్రైవేటు క్లబ్బుల్లో ఆడే అమ్మాయిల్లోంచి పనికొచ్చేవాళ్లను వెతికి, ఒప్పించి, స్కాలర్‌షిప్ ఇచ్చి తెచ్చుకోవడం. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లలో శని, ఆదివారాలు పిల్లల్ని క్లబ్ టోర్నమెంట్లకు తిప్పే తల్లిదండ్రులకు ఈ వ్యవహారం బాగా తెలుసు. ఇప్పటి నిబంధనల ప్రకారం, ఒక అమ్మాయి పదో తరగతి పూర్తిచేసిన ఏడాది జూన్ 15 నుంచి కాలేజీ కోచ్‌లు ఆమెతో నేరుగా మాట్లాడొచ్చు.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒకటుంది. ఒక్కో ఆటగత్తెకు మామూలుగా నాలుగు సీజన్లే. చాలాకాలం ఒక్కో జట్టుకు 12 పూర్తి స్కాలర్‌షిప్‌లే అనుమతి. అంటే సగటున ఏటా ముగ్గురు వెళ్లిపోతారు, ముగ్గురు కొత్తవాళ్లు వస్తారు. దేశపు జాతీయ జట్టు కోచ్ ఒక మంచి సెట్టర్ (స్పైక్ కొట్టడానికి బంతిని లేపి అందించే ఆటగత్తె) దొరికితే పదేళ్లు ఆడించుకోవచ్చు. కాలేజీ కోచ్‌కి ఆ సెట్టర్ నాలుగేళ్లకు డిగ్రీ పట్టా పుచ్చుకుని వెళ్లిపోతుంది. ఆయన జట్టు ఎప్పుడూ కొత్త జట్టే.

నూటికి రెండు ర్యాలీలు

ఆట నియమాలు చాలామందికి తెలిసినవే. అయిదు సెట్లలో మూడు గెలవాలి. మొదటి నాలుగు సెట్లు 25 పాయింట్లకు, అయిదోది 15కి. రెండు పాయింట్ల తేడా ఉండాలి. సర్వ్ ఎవరు చేసినా ర్యాలీ గెలిచినవాళ్లకు పాయింట్. కాలేజీ ఆడపిల్లల ఆటలో ఈ ర్యాలీ స్కోరింగ్ 2001లో వచ్చింది. అంతకుముందు చాలావరకు సర్వ్ చేసే జట్టుకే పాయింట్ వచ్చేది.

ఒక చిన్న లెక్క వేద్దాం. రెండు జట్లు దాదాపు సమానం. కాకపోతే వంద ర్యాలీలు ఆడితే ఒక జట్టు 52, రెండోది 48 గెలుస్తుంది. కోర్టు పక్కన కూర్చుని చూస్తే ఈ తేడా కంటికి కూడా ఆనదు. కానీ ఆ 52 జట్టు ఒక సెట్ గెలిచే అవకాశం సుమారు 61 శాతం. మూడు సెట్లు గెలిచి మ్యాచ్ పట్టుకుపోయే అవకాశం సుమారు 70 శాతం. అదే వందకు 55 ర్యాలీలు గెలిచే జట్టయితే? సెట్‌కి 76 శాతం, మ్యాచ్‌కి దాదాపు 90 శాతం.

ప్రతి ర్యాలీకీ ఒకే అవకాశం ఉందనుకుని వేసిన ఉజ్జాయింపు ఇది. నిజం ఆటలో సర్వ్ అందుకునే జట్టుదే మొగ్గు, ఎందుకంటే మొదట స్పైక్ కొట్టే వీలు వాళ్లకే దొరుకుతుంది. అయినా అసలు సంగతి మారదు. ర్యాలీలో కనిపించని తేడా సెట్‌లో కొంచెం పెరుగుతుంది, మ్యాచ్‌కి వచ్చేసరికి బాగా పెరుగుతుంది, సీజన్ మొత్తంలో కొండంతవుతుంది. కోచ్ చేతిలో ఉన్నది ఆ చిన్న తేడానే. సర్వ్ ఎవరి మీదికి వెయ్యాలి, ఎదుటి స్పైకర్ ఏ మూలకు ఎక్కువగా కొడుతుంది, బ్లాక్‌కి ఎవరు ముందు కదలాలి, లిబెరో (వెనక వరసలో బంతిని కాపాడే ప్రత్యేక ఆటగత్తె) ఎక్కడ నిలబడాలి. వీటిలో ఒక్కోటీ వందలో ఒకటో అరో ర్యాలీని ఇటు తిప్పుతుంది.

రోజ్ ఈ సంగతి మొదట్నుంచీ పట్టుకున్నారు. 1978లో నెబ్రాస్కా యూనివర్సిటీలో ఆయన చేసిన మాస్టర్స్ పరిశోధన వాలీబాల్ గణాంకాల మీదే. తర్వాత కంప్యూటర్లు, లైవ్ స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్లు వచ్చినా ఆయన బెంచీ మీద క్లిప్‌బోర్డ్ పెట్టుకుని మ్యాచ్ జరుగుతుండగానే తన సొంత గుర్తులతో లెక్కలు రాసుకునేవారు. ఎవరు ఎలాంటి పాస్ ఇచ్చారో, ఎవరి స్పైక్ ఎక్కడ పడిందో అన్నీ ఆ కాగితం మీదే. ఎగిరి గంతులేసే కోచ్‌ల మధ్య ఆయన తల వంచుకుని రాసుకుంటూ కనిపించేవారు.

టైటిల్ లేని ఇరవై ఏళ్లు

నాకు ఆయన కెరీర్‌లో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది టైటిళ్లకు ముందు భాగం.

పాతికేళ్ల వయసులో పెన్ స్టేట్‌కి వచ్చిన రోజ్‌కి తొలి టైటిల్ దక్కింది 1999లో, తన 21వ సీజన్‌లో. అప్పటికే మూడుసార్లు ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయారు: 1993లో లాంగ్ బీచ్ స్టేట్ చేతిలో, 1997లో స్టాన్‌ఫర్డ్ చేతిలో, 1998లో మళ్లీ లాంగ్ బీచ్ స్టేట్ చేతిలో అయిదు సెట్లలో.

ఇంత ఆలస్యం ఎందుకయ్యిందో తెలియాలంటే ఆ కాలపు వాలీబాల్ పటం చూడాలి. 1981 నుంచి 1998 దాకా జరిగిన 18 పోటీల్లో 16 టైటిళ్లు కాలిఫోర్నియా, హవాయి యూనివర్సిటీలే పట్టుకుపోయాయి. మిగిలిన రెండూ 1988లో టెక్సస్, 1995లో నెబ్రాస్కా. ఎండ, సముద్రపు ఒడ్డు, బీచ్ వాలీబాల్, చిన్నప్పటి నుంచీ ఆడే అమ్మాయిలు అన్నీ పశ్చిమ తీరంలో ఉన్నాయి. పెన్ స్టేట్ ఉన్నదేమో తూర్పున, పెన్సిల్వేనియా కొండల మధ్య. తూర్పు రాష్ట్రాల నుంచి ఒక్క జట్టు కూడా అంతవరకు గెలవలేదు.

దీనికి ఇంకో కోణం కూడా ఉంది, అదీ చెప్పాలి. 1991కి ముందు పెన్ స్టేట్ అట్లాంటిక్ 10 అనే కాన్ఫరెన్స్‌లో ఆడేది. కాన్ఫరెన్స్ అంటే ఎక్కువ మ్యాచ్‌లు తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల గుంపు. అది వాలీబాల్‌లో అంత బలమైన గుంపు కాదు. ఆ ఏళ్లలో పోగైన గెలుపులను తర్వాత చేరిన బిగ్ టెన్ కాన్ఫరెన్స్ గెలుపులతో సమానంగా తూచకూడదని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలో బలముంది. 1,330లో ప్రతి గెలుపూ ఒకే బరువు కాదు.

అయితే టైటిల్ రాలేదు కాబట్టి ఆ ఇరవై ఏళ్లు విఫలం అనడం అంతకన్నా పెద్ద పొరపాటు. జాతీయ పోటీలో ఇప్పుడు 64 జట్లుంటాయి, ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. టైటిల్ రావాలంటే వరసగా 6 గెలవాలి. ఒక్కో మ్యాచ్ గెలిచే అవకాశం 85 శాతం ఉన్న బలమైన జట్టుకు కూడా ఆరింటికి ఆరూ గెలిచే అవకాశం 38 శాతమే. అది 75 శాతమైతే టైటిల్ అవకాశం 18 శాతానికి పడిపోతుంది. దేశంలో అత్యుత్తమ జట్టు అయినా టైటిల్ లేకుండా ఇంటికి రావడం మామూలు విషయమే. అందుకే ఏటా పోటీలో ఉండటం అన్నిటికన్నా నమ్మదగిన కొలత. 1981 నుంచి జరిగిన ప్రతి జాతీయ పోటీలోనూ పెన్ స్టేట్ ఉంది. ఒక్క ఏడాదీ తప్పలేదు.

109 ఎంత కష్టం?

2007 సెప్టెంబరులో స్టాన్‌ఫర్డ్ చేతిలో ఓడాక పెన్ స్టేట్ మళ్లీ ఓడింది 2010 సెప్టెంబరులో, మళ్లీ స్టాన్‌ఫర్డ్ చేతిలోనే. మధ్యలో 109 మ్యాచ్‌లు, మూడు జాతీయ టైటిళ్లు. 2008లో 38కి 38, 2009లోనూ 38కి 38.

ఒక్కో మ్యాచ్ గెలిచే అవకాశం 95 శాతం అనుకుందాం, అంటే ఇరవైలో ఒక్కటే ఓడే జట్టు. అలాంటి జట్టు 109 వరసగా గెలిచే అవకాశం వెయ్యిలో నాలుగుకి కూడా చేరదు. 99 శాతం అయితే మూడింట ఒక వంతు. కాబట్టి ఆ జట్టు ఆ మూడేళ్లు నూటికి 99 దగ్గరలో ఆడి ఉండాలి, లేదా దానికి కొంత అదృష్టం తోడై ఉండాలి. రెండూ కలిశాయని అనుకోవడమే సబబు.

అదృష్టం ఎక్కడ తగిలిందో చూపించే మ్యాచ్ ఒకటుంది. 2008 సెమీఫైనల్, ఒమాహా నగరం, ప్రేక్షకులు 17,430 మంది. ఎదుట సొంత రాష్ట్రంలో ఆడుతున్న నెబ్రాస్కా. ఆ సీజన్‌లో అప్పటిదాకా పెన్ స్టేట్ ఒక్క సెట్ కూడా ఓడిపోలేదు. మొదటి రెండు సెట్లు గెలిచింది. తర్వాతి రెండూ నెబ్రాస్కా లాక్కుంది. స్టేడియం మొత్తం నెబ్రాస్కా వైపే అరుస్తోంది, అయిదో సెట్‌లోనూ ఒక దశలో నెబ్రాస్కాదే పైచేయి. చివరికి పెన్ స్టేట్ 15-11తో బయటపడింది. సీజన్ మొత్తంలో ఓడిన సెట్లు ఆ రెండే. మరుసటి ఏడాది టెక్సస్‌తో ఫైనల్లో ఇంకా టెన్షన్: మొదటి రెండు సెట్లు పోయాక మూడూ గెలిచింది. ఈ రెండు రాత్రుల్లో నాలుగైదు ర్యాలీలు అటు పోయి ఉంటే 109 అనే అంకె ఉండేది కాదు. కోచ్ మాత్రం అదే మనిషి, జట్టూ అదే.

కోచ్ గొప్పా, ఆటగత్తెలు గొప్పా?

ఆ జట్టులో ఎవరున్నారో చూస్తే సందేహం సహజంగానే వస్తుంది. స్పైకర్ మేగన్ హాడ్జ్, సెట్టర్ అలీషా గ్లాస్, బ్లాకర్ క్రిస్టా హార్మోటో. హాడ్జ్, హార్మోటో 2012 లండన్ ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచిన అమెరికా జట్టులో ఉన్నారు. గ్లాస్, హార్మోటో 2016 రియోలో కాంస్యం గెలిచారు. ఇలాంటి ముగ్గురు ఒకేసారి దొరికితే ఎవరైనా గెలిపిస్తారు అనేది ఒక పక్షం.

రెండో పక్షం వాదన: వాళ్లను ఎంచుకుని తెచ్చింది ఎవరు? కాలేజీ కోచ్ విషయంలో రిక్రూటింగ్ కూడా పనిలో భాగమే, దాన్ని తీసేసి మిగతాది మాత్రమే లెక్కించడం కుదరదు. పదిహేడేళ్ల అమ్మాయిలో ఒలింపిక్స్ ఆటను చూడగలగడం, వచ్చాక నాలుగేళ్లలో అది బయటికి తీయడం రెండూ నైపుణ్యాలే.

మొదటి పక్షం దీనికీ జవాబు చెబుతుంది. గెలిచే చోటికే మంచి ఆటగత్తెలు వస్తారు, వాళ్లు రావడంతో మళ్లీ గెలుస్తారు. ఒకసారి ఆ చక్రం తిరగడం మొదలయ్యాక కోచ్ చెయ్యేమిటో, యూనివర్సిటీ పేరు, డబ్బు చేసినదేమిటో విడదీయలేం.

ఈ వాదనలో ఎటో తేల్చడానికి నాకు 2010 సీజన్ ఉపయోగపడుతుంది. హాడ్జ్, గ్లాస్ 2009తో వెళ్లిపోయారు. కొత్త సెట్టర్, కొత్త అమరిక. ఆ ఏడాది జట్టు 5 మ్యాచ్‌లు ఓడింది. అయినా డిసెంబరు నాటికి కుదురుకుని ఫైనల్లో కాలిఫోర్నియా యూనివర్సిటీని మూడు వరస సెట్లలో ఓడించి నాలుగో వరస టైటిల్ గెలిచింది. ఆ పోటీలో అత్యుత్తమ ఆటగత్తె అవార్డు అప్పుడే కాలేజీలో చేరిన డేజా మెక్లెండన్‌కి వచ్చింది. 38-0 సీజన్లలో కన్నా ఈ 32-5 సీజన్‌లోనే నాకు కోచ్ పని స్పష్టంగా కనిపిస్తుంది.

ఇద్దరిని పక్కపక్కన పెడితే

పోలికకు నెబ్రాస్కా కోచ్ జాన్ కుక్‌ని తీసుకుందాం. 2000 నుంచి 2024 దాకా 25 సీజన్లు, నెబ్రాస్కాలో 722 గెలుపులు, 103 ఓటములు, 4 టైటిళ్లు. గెలుపు శాతం 87.5. రోజ్‌ది 85.3. టైటిళ్లు మాత్రం రోజ్‌కి 7, కుక్‌కి 4.

శాతం చూస్తే కుక్ ముందు, టైటిళ్లు చూస్తే రోజ్ ముందు. టైటిళ్లను సీజన్లతో భాగించండి: రోజ్‌కి ఆరేళ్లకు ఒకటి, కుక్‌కి కూడా ఆరేళ్లకు ఒకటి. దాదాపు తేడా లేదు. ఎక్కడ మొదలుపెట్టారో చూస్తే మళ్లీ బొమ్మ మారుతుంది. కుక్ వచ్చేసరికి నెబ్రాస్కా అప్పటికే టెరీ పెటిట్ కట్టిన, 1995లో టైటిల్ గెలిచిన జట్టు. కుక్ తన మొదటి సీజన్‌లోనే 34-0తో టైటిల్ గెలిచారు. రోజ్ ఆ మెట్టు ఎక్కడానికి రెండు దశాబ్దాలు పట్టింది. మరోవైపు ఒక ఆటను రాష్ట్రం మొత్తానికి పండగ చేయడం కూడా కోచ్ ఘనతే అనుకుంటే, 2023 ఆగస్టు 30న నెబ్రాస్కా ఫుట్‌బాల్ స్టేడియంలో కుక్ జట్టు ఆట చూడ్డానికి 92,003 మంది వచ్చారు. ఆ అంకెకు పోటీ రాగలిగింది రోజ్ ఖాతాలో ఏదీ లేదు.

ఆడపిల్లల జట్లకు మగ కోచ్‌లే ఎందుకు గెలిచారు?

1981 నుంచి 2023 దాకా టైటిల్ గెలిచిన కోచ్‌లంతా మగవాళ్లే. దీనికి మూలం 1972 నాటి టైటిల్ 9 చట్టం దగ్గర ఉంది. ప్రభుత్వ డబ్బు అందుకునే విద్యాసంస్థల్లో ఆడ, మగ వివక్ష కూడదని చెప్పిన ఆ చట్టం వల్లే అమ్మాయిల ఆటలకు స్కాలర్‌షిప్‌లు, బడ్జెట్లు వచ్చాయి. ఆ చట్టం వచ్చే నాటికి అమ్మాయిల కాలేజీ జట్లకు నూటికి 90 మందికి పైగా మహిళలే కోచ్‌లు. డబ్బు, హోదా వచ్చాక ఆ ఉద్యోగాలకు మగవాళ్లు కూడా పోటీపడ్డారు. తర్వాతి దశాబ్దాల్లో మహిళల వాటా సగం కన్నా కిందికి జారింది.

కారణాల మీద ఏకాభిప్రాయం లేదు. ఉద్యోగాలిచ్చే క్రీడా డైరెక్టర్లలో మగవాళ్లే ఎక్కువ, తమకు తెలిసినవాళ్లనే పిలుస్తారని కొందరంటారు. రిక్రూటింగ్ ప్రయాణాలు, వారాంతపు మ్యాచ్‌లు పిల్లలున్న తల్లులకు భారమవుతాయని, సంస్థలు అందుకు తగ్గ ఏర్పాట్లు చేయలేదని ఇంకొందరు. మంచి కోచ్ ఎవరైతేనేం అనేవాళ్లూ ఉన్నారు, రోజ్ లాంటివాళ్ల దగ్గర ఆడిన అమ్మాయిలే ఇప్పుడు కోచ్‌లవుతున్నారని చూపిస్తారు. సత్తా ఉన్న మహిళలు లేరన్న మాట మాత్రం నిలబడదు. ఫ్లోరిడా కోచ్ మేరీ వైజ్ వెయ్యికి పైగా మ్యాచ్‌లు గెలిచి, 2003లో, 2017లో ఫైనల్ దాకా వచ్చి టైటిల్ లేకుండానే రిటైరయ్యారు. పైన వేసిన ఆరు మ్యాచ్‌ల లెక్క ఆమెకీ వర్తిస్తుంది.

2024 ఫైనల్లో రెండు జట్లకూ మహిళా కోచ్‌లే. ఎదుటి జట్టు లూయీవిల్ యూనివర్సిటీ వైపు డానీ బస్‌బూమ్ కెల్లీ. ఆమె 2006లో కుక్ దగ్గర నెబ్రాస్కా టైటిల్ జట్టులో లిబెరో. ఎవరు గెలిచినా చరిత్రే అని ఆట మొదలవకముందే తేలిపోయింది.

పాత కొలతలు ఇక పనికొస్తాయా?

రోజ్ కాలంలో ఆటగత్తె కాలేజీ మారితే ఇబ్బందులు చాలా ఉండేవి. 2021 నుంచి అన్ని ఆటల్లోనూ ఒకసారి మారితే ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు, 2024లో ఆ ‘ఒకసారి’ పరిమితి కూడా పోయింది. 2021 జులై నుంచి ఆటగత్తెలు తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు బయటి కంపెనీల దగ్గర డబ్బు తీసుకోవచ్చు. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలే నేరుగా డబ్బివ్వొచ్చు. ఆ ఒప్పందంలో చేరిన చోట 12 స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి, జట్టులో 18 మంది మించకూడదన్న నియమం వచ్చింది.

2024 పెన్ స్టేట్ జట్టులో ప్రధాన స్పైకర్ జెస్ మ్రూజిక్ మిషిగన్ యూనివర్సిటీ నుంచి మారి వచ్చారు. సెట్టర్ ఇజ్జీ స్టార్క్ ఆ ఏడాదే చేరారు. షూమాకర్-కాలీకి టైటిల్ మూడో సీజన్‌లో వచ్చింది, రోజ్‌కి 21వ సీజన్‌లో. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఎవరు గొప్ప అని అడిగితే జవాబు దొరకదు. ఒకరు నాలుగేళ్ల ఓపికతో పెంచుకునే ఆట ఆడారు, ఇంకొకరు ఏటా మార్కెట్‌లో జట్టును మళ్లీ కట్టుకునే ఆట ఆడుతున్నారు. కుక్ 2025 జనవరిలో రిటైరయ్యాక నెబ్రాస్కా పగ్గాలు బస్‌బూమ్ కెల్లీకి వచ్చాయి. ఆమెకు అందినది అప్పటికే దేశంలో మొదటి వరసలో ఉన్న జట్టు, కాబట్టి మొదటి రెండు సీజన్ల గెలుపు శాతం ఆమె గురించి పెద్దగా చెప్పదు. కుక్ ఎంచుకున్న ఆఖరి అమ్మాయి కూడా వెళ్లిపోయాక వచ్చే సీజన్లు చెబుతాయి.